గుమ్మటంలో పిల్లనగ్రోవి

శ్రీశైలంలో మల్లికార్జునస్వామి ఆలయం చుట్టూ ఉన్న మహాప్రాకారాన్ని చూసినవారికి దానిమీది శిల్పాలు జ్ఞాపకం ఉంటవి. ఏనుగులు, గుర్రాలు, వేటగాండ్రు, శివకథలు, నాట్యకత్తెలు, వాద్యకారులు - విజయనగర కాలపు శిల్పులు ఆ గోడ పొడుగునా వరుసలు వరుసలుగా మలచి పెట్టినారు. కంటికి అక్కడ ఎంతైనా పని ఉన్నది. కాని ఆ రాతికట్టడం చెవికి కూడా పని కల్పిస్తుందన్న సంగతి మనం సాధారణంగా గమనించము. తెల్లవారుజామున మంగళవాద్యాలు మొదలైనప్పుడు ముఖమండపంలో స్తంభాల నడుమ నిలబడి ఒకసారి వినండి. ఆరుబయట ప్రాంగణంలో నిలబడి ఒకసారి వినండి. గోపురం దాటి వీథిలోనికి వచ్చి మరొకసారి వినండి. ఊదేవాడు ఒకడే, రాగం ఒకటే, ఊపిరి ఒకటే. అయినా మూడు చోట్ల మూడు సంగీతాలు వినిపిస్తవి. మండపంలో సన్నాయి మన చుట్టూ తిరుగుతుంది. ప్రాంగణంలో సూటిగా వచ్చి తగులుతుంది. వీథిలో అది ఎవరో మనలను పిలుస్తున్నట్లుంటుంది.

అటువంటప్పుడు సంగీతం ఎక్కడ ఉన్నట్లు? వాద్యంలోనా, వాద్యకారునిలోనా, లేక ఆ చోటులోనా?

ఈ ప్రశ్న మన సాహిత్యానికి కొత్తది కాదు. పదమూడవ శతాబ్దివాడైన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమని ఒక భాగం వ్రాసినాడు. శివరాత్రికి శ్రీగిరి ఎక్కే యాత్రికుల ఆటపాటలు, వారి వాద్యాలు అందులో విస్తారంగా వస్తవి. ఆయన పేర్కొన్న పాటలలో తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, వెన్నెల పదాలు ఉన్నవి; పర్వత పదాలు కూడా ఉన్నవి. అంటే కొండ పేరే పాటకు పేరైనదన్నమాట. పాటను చోటునుంచి విడదీయలేమని ఆనాటి యాత్రికునికి వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. నేడు మనకు చెప్పవలసి వస్తున్నది.

అందుకు సాయపడే ఉదాహరణ ఒకటి దూరదేశపు సంగీతంలో దొరుకుతున్నది. 1968లో ఒక అమెరికన్ జాజ్ విద్వాంసుడు ఆగ్రాలోని తాజమహలు లోపల నిలబడి ఒంటరిగా పిల్లనగ్రోవి ఊదినాడు. ఆ నాదం గ్రామఫోను రికార్డుగా వెలువడినది. దాని పేరు ‘ఇన్‌సైడ్’, అనగా ‘లోపల’. ఆ విద్వాంసుని పేరు పాల్ హార్న్. చోటు వాద్యాన్ని ఏమి చేస్తుందో ఇంత తేటగా వినిపించిన రికార్డులు అరుదు. కనుకనే దానిని గురించి కొంత వివరంగా చెప్పుకొందాము.

పాల్ హార్న్ 1930లో న్యూయార్కులో పుట్టినాడు. చిన్ననాడే పియానో పట్టి, తరువాత సాక్సఫోను నేర్చి, ఓబర్లిన్ సంగీత విద్యాలయంలోను, మన్‌హాటన్ సంగీత విద్యాలయంలోను శాస్త్రోక్తంగా చదువుకొన్నాడు. 1956 మొదలు రెండేండ్లు చీకో హామిల్టన్ అనే ప్రసిద్ధ డోలు విద్వాంసుని అయిదుగురి బృందంలో వాయించినాడు. తరువాత హాలీవుడ్‌లో స్థిరపడి సెషన్ వాద్యకారుడైనాడు.

సెషన్ వాద్యకారుడంటే ఎవరు? రికార్డింగు గదికి పూట కూలికి వచ్చి, ఎదుట పెట్టిన స్వరలిపిని అప్పటికప్పుడు చదివి, తప్పు లేకుండా వాయించి వెళ్లేవాడు. ఉదయం ఒక సినిమాకు నేపథ్య సంగీతం. మధ్యాహ్నం ఒక వ్యాపార ప్రకటన. రాత్రి ఎవరో గాయకుని పాట వెనుక నాలుగు బిగువైన సంగతులు. ఆయన విద్యకు లోటుండదు. లోటల్లా పేరుకే. మన తెలుగు సినిమా పాటలు మదరాసు స్టూడియోలలో తయారైన రోజులు జ్ఞాపకం చేసుకోండి. పాట వినగానే గాయకుని పేరు చెప్తాము, సంగీత దర్శకుని పేరు చెప్తాము. పల్లవికీ చరణానికీ నడుమ మన గుండెను ఒక్క క్షణం పట్టి ఆపిన ఆ వేణువు ఎవరిదని అడిగితే చెప్పలేము. ఆకాశవాణి నిలయ విద్వాంసుల సంగతి కొంత మేలు; వారి పేర్లు అప్పుడప్పుడైనా ప్రకటనలో వినిపిస్తవి. స్టూడియో వాద్యకారునికి అదీ లేదు. ఆయన ఊపిరి లక్షలమంది చెవులలో పడుతుంది. పేరు మాత్రం ఆ గది దాటి రాదు.

ఒకే మనిషి పిల్లనగ్రోవినీ సాక్సఫోనునూ రెండింటినీ వాయించడం మనకు వింతగా తోచవచ్చును. అందుకు కారణం వాద్యాల నిర్మాణంలోనే ఉన్నది. సాక్సఫోను ఇత్తడితో చేసినది కనుక బాకా జాతిదని అనుకొంటాము. నిజానికి అది సన్నాయికి చుట్టము. బెల్జియం దేశస్థుడైన అడాల్ఫ్ సాక్స్ దానిని రూపొందించి 1846లో పారిస్‌లో హక్కు పత్రం పొందినాడు. దాని నోటి దగ్గర రెల్లుతో చేసిన పలుచని నాలుక ఒకటి ఉంటుంది. ఊపిరికి ఆ నాలుక అదిరితే గొట్టంలోని గాలి మోగుతుంది. మన సన్నాయి పీకెలో రెండు రేకులు ఒకదానినొకటి కొట్టుకొంటవి. ఇందులో ఉన్నది ఒకటే రేకు. గొట్టం మాత్రం రెండింటిలోను పైన సన్నగా మొదలై క్రిందికి వెడల్పవుతూ పోతుంది. ఇక పడమటి దేశాల పిల్లనగ్రోవికి రేకే లేదు. పెదవులనుంచి వెడలిన గాలి రంధ్రపు అంచుకు తగిలి చీలడమే దాని నాదానికి మూలము. పుట్టుక వేరైనా సాక్సఫోనుకూ ఈ పిల్లనగ్రోవికీ ఒక పోలిక ఉన్నది. ఊపిరి బిగిస్తే రెండూ సరిగ్గా పై స్థాయికి ఎగురుతవి. అందువలన వ్రేళ్ల అమరిక ఇంచుమించు ఒకటే. ఒకటి వచ్చినవానికి రెండవది పట్టుబడడం సులువు. రెండు వాద్యాలు తెలిసినవానికి స్టూడియోలో రెండు పూటలు పని దొరుకుతుంది.

హార్న్ అటువంటి పనిలో ఆరితేరినవాడు. లాలో షిఫ్రిన్ అనే స్వరకర్త క్రైస్తవ ప్రార్థన పాఠాలకు జాజ్ పద్ధతిలో సంగీతం కూర్చగా, దానిని 1965లో హార్న్ పేరిట రికార్డుగా వెలువరించినారు. ఆ స్వరరచనకు గ్రామీ బహుమతి వచ్చినది. అంతకు కొద్దిగా ముందు, 1964లో, పండిత రవిశంకర్ రికార్డు ఒకదానిలో హార్న్ పిల్లనగ్రోవి వాయించినాడు. ఆ విధంగా మన సంగీతపు గాలి ఆయనకు సోకినది. పని నిండుగా ఉన్నా మనశ్శాంతి లేక, 1967లో ఋషీకేశంలో మహర్షి మహేశ్ యోగి ఆశ్రమానికి వచ్చినాడు. ఆ ఏడాదే మన దేశపు వాద్యకారులతో కలిసి రెండు రికార్డులు చేసినాడు. మరుసటి ఏడు మళ్లీ వచ్చినాడు. ప్రసిద్ధులైన బీటిల్స్ బృందంవారు ఋషీకేశంలో ఉన్నది కూడా ఆ 1968లోనే. ఆ రాకలోనే తాజమహలు ముచ్చట జరిగినది.

తాజమహలు నడిమి గదిలో అప్పుడు కావలివాడు ఒకడు సందర్శకుల కొరకు గొంతెత్తి పిలిచేవాడు. ఆ పిలుపు గుమ్మటంలోనికి ఎక్కి అక్కడ చాలసేపు నిలిచేది. హార్న్‌ను కట్టిపడవేసినది అదే. పిల్లనగ్రోవితో, రికార్డింగు యంత్రంతో లోపలికి వెళ్లి, ముందుగా వ్రాసిపెట్టుకొన్న స్వరలిపి ఏదీ లేకుండా, అప్పటికప్పుడు మనసులో తోచినది వాయించినాడు. కావలివాని గొంతు కూడా ఆ రికార్డులో ఉన్నది. ఆయన పిలుస్తాడు, గుమ్మటం పలుకుతుంది, తరువాత పిల్లనగ్రోవి పలుకుతుంది. ఆ ఖండికలలో ఒకదానికి హార్న్ ‘ఆకాశ’ అని పేరు పెట్టినాడు. శబ్దం ఆకాశపు గుణమని మన శాస్త్రకారులు చెప్పినారు. ఆ మాటలోని అర్థం మనకు రేడియో పేరులోనే ఉన్నది గదా!

ఇప్పుడు ఆ గుమ్మటం చేసిన పని ఏమిటో చూద్దాము. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. బయలులో ఊదిన స్వరం అలా పోతూనే ఉంటుంది, తిరిగి రాదు. ఎదురుగా కొండచరియ ఉంటే ఒక్కసారి తిరిగి వస్తుంది. దానిని ప్రతిధ్వని అంటాము. నలువైపులా గోడలున్న గదిలో అది ఒక్కసారి కాదు, వందలసార్లు తిరిగి వస్తుంది. ఆ రాకలు ఒకదానిమీద ఒకటి పడి విడదీయరాని ఒకే మోతగా వినిపిస్తవి. దీనిని ప్రతినాదం అనవచ్చును. ఎంతసేపు నిలుస్తుందన్నది రెండు విషయాలమీద ఆధారపడి ఉన్నదని అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు వాలెస్ సబీన్ తేల్చినాడు. 1895లో అక్కడ కొత్తగా కట్టిన ఉపన్యాసశాల ఒకదానిలో మాట అర్థం కాక విద్యార్థులు బాధపడుతుండగా ఆ లోపం కనిపెట్టమని ఆయనకు అప్పగించినారు. పలికిన మాట అక్కడ అయిదున్నర సెకన్లు నిలుస్తున్నది. ఒక మాట చావకముందే పది మాటలు వచ్చి పడుతున్నవి. సబీన్ రాత్రులు మేలుకొని మరొక శాలనుంచి మెత్తలు తెచ్చి పరుస్తూ, తీస్తూ కొలిచినాడు. గది పెద్దదైనకొద్దీ నాదం ఎక్కువసేపు నిలుస్తుంది. ధ్వనిని పీల్చే వస్తువులు ఎక్కువైనకొద్దీ తక్కువసేపు నిలుస్తుంది. సూత్రం ఇంతే.

తాజమహలు గదిలో పీల్చేది ఏమున్నది? గోడ పాలరాయి, నేల పాలరాయి. లోపలి గుమ్మటం సుమారు ఎనభై అడుగుల ఎత్తున ఉన్నది. తెరలు లేవు, మెత్తలు లేవు. నునుపైన రాయి తనకు తగిలిన నాదాన్ని ఇంచుమించు అంతా తిరిగి ఇచ్చివేస్తుంది. ఒక స్వరం అక్కడ ఇరవైఎనిమిది సెకన్ల దాకా నిలుస్తుందని ప్రసిద్ధి. లెక్క వేసి చూడండి. అంతసేపట్లో ధ్వని తొమ్మిదిన్నర కిలోమీటర్లు నడుస్తుంది. ఎనభై అడుగుల గదిలోనే తిరిగి తిరిగి అంత దూరం నడుస్తుందన్నమాట.

అట్టి గదిలో వాద్యకారుడు ఏమి చేయగలడు? తనకు వచ్చినదంతా వాయించలేడు. స్టూడియోలో వేగానికి పేరు పొందినవాడు ఇక్కడ వేగం చూపితే స్వరాలన్నీ కలిసి బురదనీళ్లవుతవి. సరిగమలు గబగబ ఊదితే నాలుగూ ఒకదాని నోరు ఒకటి మూస్తవి. ఒక స్వరం ఊది, ఆగి, అది పైకెక్కి విప్పారేదాకా ఓపికపట్టి, దానికి పొసగే స్వరాన్ని మరొకటి ఊదితే రెండూ కలిసి గాలిలో నిలుస్తవి. షడ్జమమీద గాంధారం, దానిమీద పంచమం. పిల్లనగ్రోవి ఒకసారికి ఒక స్వరమే పలికే వాద్యం. అయినా ఆ గుమ్మటంలో మూడు నాలుగు స్వరాలు ఒక్కసారి మోగినవి. మన సన్నాయి విద్వాంసునికి ఒత్తు పట్టేవాడు ప్రక్కన వేరే ఉంటాడు. గాయకునికి తంబురా ఉంటుంది. హార్న్‌కు అక్కడ తంబురా లేదు. క్షణం క్రితం తాను ఊదిన స్వరమే ఆయనకు ఒత్తు అయినది.

ఆ రికార్డులో నన్ను అన్నిటికంటె ఆకట్టుకొనేవి స్వరాలు కావు, స్వరాల నడిమి ఎడములు. ఇతరులు వ్రాసినదానిని ఆగకుండా వాయించి బ్రతికిన మనిషి ఇక్కడ ఊదడం మానుకొని వింటున్నాడు. ఆ వినడం మనకు వినిపిస్తున్నది.

మరి ఇది జాజేనా అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. జాజ్ అమెరికాలోని నీగ్రో ప్రజలు - నేడు మర్యాదగా ఆఫ్రికన్ అమెరికనులంటున్నాము - ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్లలో న్యూ ఆర్లియన్సు ప్రాంతంలో పెంచి పోషించిన సంగీతము. దానికి ప్రాణం రెండింటిలో ఉన్నది. ఒకటి, ఊగుతూ నడిచే లయ. రెండవది, మన మనోధర్మ సంగీతంవలె అప్పటికప్పుడు కల్పించడం. ఒకరు ఒక పలుకు విసరితే మరొకరు దానికి బదులు చెప్పడం అందులో పరిపాటి. తాజమహలు రికార్డులో డోలు లేదు, ఊగే లయ లేదు. కనుక జాజ్ అభిమానులు కొందరు దీనిని తమ ఇంటిదిగా ఒప్పుకోరు. తరువాతి కాలంలో ధ్యానానికి, విశ్రాంతికి పనికివచ్చే మెత్తని సంగీతం ఒకటి ‘న్యూ ఏజ్’ అనే పేరుతో అంగళ్లలో నిండినది. దానికి ఈ రికార్డు ఆదిపురుషుడని చాలమంది అంటారు. ఆ సంగీతంలో చాలభాగం చప్పగా ఉంటుందన్న మాటా నిజమే. నిడివైన ప్రతినాదం అల్పవిద్యను కూడా గొప్పగా చూపగలదు; నీళ్లలో పడిన గులకరాయి పెద్దదిగా కనిపించినట్లు. రాగాన్ని మెట్టు మెట్టుగా విప్పుకొంటూ పోయే ఆలాపనకు అలవాటుపడిన మన చెవికి హార్న్ రికార్డు కొంత పలుచగా తోచినా తప్పులేదు.

అయినా దానిలో జాజ్ లేదని నేననను. బదులు చెప్పడమన్నది ఉన్నది. బదులు చెప్పేది మరొక వాద్యకారుడు కాదు, రాయి. రాయి చెప్పిన బదులును బట్టి తరువాతి పలుకు మారుతున్నది. అదే గది, అదే పిల్లనగ్రోవి అయినా, మరొక రాత్రి అదే సంగీతం పుట్టదు. హార్న్ 1976లో ఈజిప్టులోని మహా పిరమిడు లోపల కూడా ఈ విధంగానే వాయించి రికార్డు చేసినాడు. 2014లో కెనడాలో మరణించేదాకా ఆయన పేరు చెప్పగానే లోకానికి జ్ఞాపకం వచ్చినది ఆ గుమ్మటమే.

ఇక దక్షిణానికి వద్దాము. పాలరాతి గుమ్మటంలో సన్నాయి ఊదితే ఎట్లుంటుంది? శ్రావ్యంగా ఉండదని నా అభిప్రాయము. సన్నాయి గొంతు పెద్దది. రవ్వజాతి సంగతులు దానికి అలంకారము. మెరుపువలె దొర్లే ఆ స్వరాలు ఒకదానినుంచి ఒకటి విడివడి వినిపిస్తేనే అందము. కనుక దానికి తగిన చోటు ఆరుబయలు, లేదా నాలుగు ప్రక్కలా తెరచి ఉన్న స్తంభాల మండపము. గుండ్రని గుమ్మటం నాదాన్ని పట్టి ఉంచుతుంది. చెక్కడాలతో నిండిన స్తంభాలు దానిని ముక్కలు చేసి నలుదిక్కులకు చల్లుతవి. తెరపి ఉన్న ప్రక్కలనుంచి అది బయటికి పోతుంది. మాట తేటగా ఉంటుంది, సంగతి తేటగా ఉంటుంది, కొద్దిపాటి నిండుదనం మిగులుతుంది. శ్రీశైలంలో విజయనగర ప్రభువు రెండవ హరిహరరాయలు 1404 ప్రాంతంలో కట్టించిన ముఖమండపం అట్టిదే. కట్టినవారు ధ్వనిశాస్త్రం చదివి కట్టినారని నేను చెప్పను. ఇట్టి మండపాలలో తరతరాలుగా ఊది ఊది మన సన్నాయివాండ్రు తమ సంగతులను వాటికి సరిపెట్టుకొన్నారని మాత్రం నమ్మవచ్చును. హార్న్ ఒక్క కూర్పులో నేర్చిన పాఠాన్ని వారు కొన్ని వందల ఏండ్లు అభ్యసించినారు.

రాయి చెప్పే బదులు అన్ని చోట్లా ఒకటి కాదు. గోలకొండ కోట ద్వారం దగ్గర కమాను క్రింద చప్పట్లు చరిస్తే కొండపైన బాలాహిస్సారులో వినిపిస్తుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అక్కడి కట్టడం నాదాన్ని మోసుకొని పోతుంది. 1656లో పూర్తయిన బిజాపురపు గోల్‌గుంబజులో మెల్లగా అన్న మాట కూడా పలుమార్లు తిరిగి వస్తుంది. ఉగాదికి శ్రీశైలం నడచివచ్చే కన్నడ భక్తులలో ఆ ప్రాంతంవారు ఎందరో ఉంటారు. ఒక ఊరి రాయి మాటను దాచుకొంటుంది. ఒక ఊరి రాయి మోస్తుంది. ఒక ఊరి రాయి పంచిపెడుతుంది.

హార్న్ మన దేశానికి వచ్చి పిల్లనగ్రోవి ఊదినట్లే, ఆయన మరొక వాద్యమైన సాక్సఫోను కూడా మన సంగీతంలోనికి వచ్చినది. తెచ్చినవాడు సన్నాయివారి బిడ్డడే కావడం విశేషము. మంగళూరు ప్రాంతంలో 1949లో పుట్టిన కద్రి గోపాల్‌నాథ్ తండ్రి నాదస్వర విద్వాంసుడు. గోపాల్‌నాథ్ మైసూరు రాజాస్థానపు బ్యాండులో సాక్సఫోను విని దానిమీద మనసుపడినాడు. మీటలు నొక్కి వాయించే వాద్యంమీద గమకం పలికించడం కష్టము. మీటకు మీటకు నడుమ స్వరం తెగుతుంది, జారుడు రాదు. వాద్యానికి తగిన మార్పులు చేసుకొని, ఏండ్ల తరబడి సాధన చేసి, దానిమీద కర్ణాటక సంగీతాన్ని నిలబెట్టినాడు. 1980లో బొంబాయి జాజ్ ఉత్సవంలో అమెరికన్ సాక్సఫోను విద్వాంసుడు జాన్ హ్యాండీతో కలిసి వాయించి జాజ్ లోకాన్ని ఆశ్చర్యపరచినాడు. 1994లో వచ్చిన ‘డ్యూయెట్’ చిత్రంలో వినిపించిన సాక్సఫోను ఈయనదే. 2008లో అమెరికన్ జాజ్ సాక్సఫోను విద్వాంసుడు రుద్రేశ్ మహంతప్పతో కలిసి చేసిన రికార్డుకు ‘కిన్స్‌మెన్’, అనగా ‘చుట్టాలు’, అని పేరు పెట్టినారు. ఆ పేరు ఆ ఇద్దరికే కాదు, ఆ రెండు వాద్యజాతులకూ తగినదే. గోపాల్‌నాథ్ 2019లో కీర్తిశేషుడైనాడు.

ఊపిరికి కులమతాలు లేవనడానికి మన ఆంధ్రదేశంలోనే దృష్టాంతమున్నది. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా నాదస్వరంలో అగ్రశ్రేణి విద్వాంసుడై, శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుని భక్తుడుగా జీవించి 1999లో గతించినాడు. తాజమహలులో ఊదిన క్రైస్తవదేశపు మనిషిని చూసి ఆశ్చర్యపడేవారు ఈ మహనీయుని జ్ఞాపకం చేసుకొంటే చాలును.

నేను చెప్పదలచిన అసలు మాట ఇప్పుడు చెప్తాను. చోటును విని వాయించే ఈ విద్యకు నేడు పెద్ద ఆటంకం ధ్వనివర్ధకము. ఏదో ఒక ఆలయమని కాదు, ఏ ఊరి ఉత్సవంలోనైనా ఇది చూడవచ్చును. సన్నాయి ముందు మైకు పెట్టి స్తంభానికొక బాకా కట్టుతారు. ముప్పైనాలుగు మీటర్ల దూరాన ఉన్న బాకా నాదం మన చెవికి సెకనులో పదవ వంతు ఆలస్యంగా చేరుతుంది. దగ్గరి బాకా ముందు పలుకుతుంది, దూరపు బాకా వెనుక పలుకుతుంది, అసలు సన్నాయి ఈ రెంటి నడుమ ఎక్కడో నలిగిపోతుంది. ఇది రాయి చెప్పే బదులు కాదు. ఒకే మాటను నలుగురు తొందరపడి అరవడము. రవ్వసంగతి దానిలో బ్రతకదు. వాద్యకారునికి తన స్వరం మండపంలో ఎట్లు పలుకుతున్నదో వినిపించదు. వినిపించనప్పుడు ఆయన సరిదిద్దుకొనలేడు. కొన్ని చోట్ల ఇంకొక మెట్టు దిగి, హారతివేళ డోలునూ గంటనూ కరెంటు యంత్రమే మోగిస్తున్నది. యంత్రం అలసిపోదు, జీతమడగదు. అది వినదు కూడా.

జనం వేలకొద్దీ చేరినప్పుడు ధ్వనివర్ధకం లేక గడవదన్న మాట ఒప్పుకోవలసినదే. మనిషి కూడా ధ్వనిని పీల్చే వస్తువే. సబీన్ మెత్తలు చేసిన పనినే కట్టుబట్టలతో నిలిచిన జనసమూహం చేస్తుంది. శివరాత్రినాడు నిండిన మండపం ఖాళీ మండపంవలె మోగదు. ప్రకటనలకు, హెచ్చరికలకు, తప్పిపోయిన పిల్లల పేర్లు చదవడానికి ఆ యంత్రం కావలసినదే. కాని సంవత్సరంలో ప్రతిదినమూ శివరాత్రి కాదు. తెల్లవారుజామున నలుగురు భక్తులున్న వేళ, ఆరు వందల ఏండ్లుగా సన్నాయి విన్న స్తంభాల నడుమ, మైకు అక్కరలేదు. ఆ ఒక్క ఘడియ వాద్యాన్ని రాతికి అప్పగిస్తే చాలును. అట్లు చేయకపోతే సన్నాయి ఊదేవారు మిగిలినా, చోటును విని ఊదే విద్య మిగలదు. అది పుస్తకాలలో వ్రాసి దాచగలిగినది కాదు.

రేడియోలో మాట్లాడేవారికి ఈ సంగతి మరీ బాగా తెలుసు. 1963లో కడపలో ఆకాశవాణి కేంద్రం వచ్చిననాటినుంచి రాయలసీమ గొంతులెన్నో అటువంటి గదులలోనుంచి పలికినవి. స్టూడియో గోడలు ధ్వనిని పీల్చివేయడానికే కట్టినవి. అక్కడ మాటకు ఊరు లేదు, గోడ లేదు, పైకప్పు లేదు. మాట ఒంటరిగా బయలుదేరి మీ ఇంటికి వస్తుంది. మీ ఇంటి పంచలోనో వంటింటిలోనో దానికి మళ్లీ ఒక చోటు దొరుకుతుంది. అందువలన ఈ ప్రసంగం ఏ రెండిండ్లలోను ఒక్కవిధంగా వినిపించదు.

మీరు ఈసారి శ్రీశైలం వెళ్లినప్పుడు, దర్శనం చేసుకొన్న తరువాత, జనం పలుచబడిన వేళ, ఒక స్తంభం ప్రక్కన రెండు నిమిషాలు ఊరక నిలబడండి. ఎవరైనా శివనామం చెప్తారు, ఎక్కడో గంట ఒకటి మోగుతుంది. ఆ మోత ఎటు వెళ్లి ఎంతసేపటికి అణగిపోతున్నదో చెవితో వెంట వెళ్లి చూడండి. సన్నాయి కూడా మొదలైతే మీ అదృష్టము. అప్పుడు విద్వాంసుడు ఊపిరి తీసుకొనే ఎడములో ఏమి వినిపిస్తున్నదో గమనించండి. అక్కడ వినిపించేది మండపము.